చమురు, గ్యాస్, నీరు... ఒకే పైపులో వస్తే లెక్క తేల్చేదెలా?

బావి నుంచి ఎంత చమురు వస్తోందో చెప్పడం తేలికే అనిపిస్తుంది. కానీ అదే పైపులో గ్యాస్, నీరు, ఒక్కోసారి ఇసుక కూడా కలిసి వస్తుంటే? ఆ లెక్క తేల్చే విద్య పేరు మల్టీఫేజ్ ఫ్లో మెజర్‌మెంట్. కాకినాడ, కోనసీమ తీరంలో రోజూ అవసరమయ్యే పని ఇది. మన కాలేజీల్లో దీని గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఏమిటీ రంగం? ఏ బ్రాంచి వాళ్లకు అవకాశం? ఏం నేర్చుకోవాలి?

చోడవరం, దేవరాపల్లి వైపు ఏ చెరకు రైతునైనా అడిగి చూడండి. బండి కాటా ఎక్కితే సగం పనే అయినట్టంటాడు. బరువు ఒక లెక్క, ఆ చెరకులో పంచదార ఎంతన్నది ఇంకో లెక్క. దాన్నే రికవరీ అంటారు. కేంద్రం ప్రకటించే చెరకు ధర కూడా రికవరీతోనే ముడిపడి ఉంటుంది. కాటా ఎంత కచ్చితంగా ఉన్నా రికవరీ అంకె తేడా వస్తే డబ్బులో తేడా వచ్చేస్తుంది.

చమురు బావి దగ్గర కూడా ఇదే సమస్య. పైపులో మొత్తం ఎంత వస్తోందన్నది ఒక ప్రశ్న. అందులో అమ్ముకోగలిగింది ఎంత, పారబోయాల్సిన నీరెంత అన్నది రెండో ప్రశ్న. కష్టమంతా రెండోదానితోనే.

మన తీరంలోనే ఇంత పని

కృష్ణా గోదావరి బేసిన్ పేరు మీరు పేపర్లో చదివే ఉంటారు. కోనసీమలో నేల మీద ఓఎన్‌జీసీ బావులున్నాయి. తీరానికి దగ్గర్లో సముద్రంలో రవ్వ క్షేత్రం ఉంది. అక్కడి చమురు, గ్యాస్ ఎస్.యానాం టెర్మినల్‌కు వస్తాయి. ఇంకా లోతు సముద్రంలో రిలయన్స్ కేజీ-డీ6 ఉంది. 2009 ఏప్రిల్‌లో అక్కడ గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. ఓఎన్‌జీసీ వాళ్ల కేజీ-98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు వచ్చింది.

వీటిలో ఏ బావినీ విడిగా చూడటానికి లేదు. చాలా బావుల నుంచి వచ్చేది ఒకచోట కలుస్తుంది. చివర్లో అమ్మకం జరిగే చోట కచ్చితమైన మీటరు ఉంటుంది. దాన్ని ఫిస్కల్ మీటర్ అంటారు. అక్కడ తేలిన మొత్తాన్ని మళ్లీ వెనక్కి, ఏ బావికి ఎంత అని పంచాలి. దీనికి అలొకేషన్ అని పేరు. ఒకే పైపును రెండు కంపెనీలు పంచుకుంటే ఎవరి వాటా ఎంతో తేలేది ఈ లెక్కతోనే. ప్రభుత్వానికి వచ్చే రాయల్టీ కూడా ఉత్పత్తి లెక్క మీదే ఆధారపడుతుంది. నేల మీద బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోని వాటిది కేంద్రానికి వెళ్తుంది. కాబట్టి కోనసీమ బావి దగ్గర మీటరు చెప్పే అంకెకు మన రాష్ట్ర ఖజానాతో నేరుగా సంబంధం ఉంది.

గోలీసోడా సూత్రం

భూమి లోపల చమురు విపరీతమైన పీడనంలో ఉంటుంది. గ్యాస్‌లో కొంత చమురులోనే కరిగిపోయి ఉంటుంది. బావి నుంచి పైకి వస్తున్నకొద్దీ పీడనం తగ్గుతుంది, కరిగిన గ్యాస్ బుడగలై బయటపడుతుంది. గోలీసోడా కొట్టగానే జరిగేది ఇదే. గోలీ లోపలికి వెళ్లేదాకా సోడా మామూలు నీళ్లలాగే కనిపిస్తుంది. వెళ్లిన మరుక్షణం బుస్సుమంటుంది.

దీనికి తోడు చమురు పొరల కింద నీరుంటుంది. బావి పాతబడేకొద్దీ ఆ నీరు పైకి చేరుతుంది. మొదట్లో చమురు ఎక్కువ, నీరు తక్కువ. కొన్నేళ్లకు లెక్క తలకిందులవుతుంది. మొత్తం ద్రవంలో నీటి శాతాన్ని వాటర్ కట్ అంటారు. 90 శాతం వాటర్ కట్‌తో నడిచే బావులు ప్రపంచంలో చాలా ఉన్నాయి.

గ్యాస్ బావులకూ ఈ బెడద తప్పదు. కేజీ-డీ6లో 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి ఆ తర్వాత వేగంగా పడిపోయింది. పీడనం తగ్గడం, బావుల్లోకి నీరు, ఇసుక చేరడం కారణాలని కంపెనీ చెప్పింది. ప్రభుత్వం ఆ వాదనతో ఏకీభవించలేదు, వివాదం ఆర్బిట్రేషన్ దాకా వెళ్లింది. ఏ బావిలోకి నీరు ఎప్పుడు మొదలైంది, ఎంత వస్తోంది అన్న కొలతలకు విలువ ఎక్కడుంటుందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

పైపులో ఏం జరుగుతోంది?

రెండ్రోజులు నీళ్లు ఆగి, మూడో రోజు కుళాయి తిప్పితే ఏమవుతుంది? ముందు గాలి బుస్సుమంటుంది, తర్వాత ఓ ముద్ద నీళ్లు, మళ్లీ గాలి, మళ్లీ నీళ్లు. ఇంజినీర్లు దీన్నే స్లగ్ ఫ్లో అంటారు. ఆ సమయంలో ఇంటి ముందు తిరిగే రకం వాటర్ మీటర్ ఉంటే గాలికి కూడా తిరుగుతుంది. బకెట్ నిండలేదు, మీటరు మాత్రం కదిలింది. మల్టీఫేజ్ సమస్య మొత్తం ఈ ఒక్క ఉదాహరణలో ఉంది.

గ్యాస్, ద్రవం కలిసి ప్రవహించేటప్పుడు అవి ఎప్పుడూ ఒకేలా ఉండవు. గ్యాస్ తక్కువైతే ద్రవంలో బుడగలుగా తేలుతుంది. కాస్త పెరిగితే ముద్దలు ముద్దలుగా వస్తుంది. బాగా ఎక్కువై వేగం పెరిగితే ద్రవం పైపు గోడకు పొరలా అంటుకుని, మధ్యలోంచి గ్యాస్ దూసుకుపోతుంది. దీన్ని యాన్యులర్ ఫ్లో అంటారు. పడుకోబెట్టిన పైపులో వేగం తక్కువైతే నీరు అడుగున, చమురు దాని మీద, గ్యాస్ పైన వేర్వేరు అంతస్తుల్లా సాగుతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. గ్యాస్ ద్రవం కంటే వేగంగా పరిగెడుతుంది. ఈ తేడాను స్లిప్ అంటారు. ఒక లెక్క చూద్దాం. పైపు అడ్డుకోతలో సరిగ్గా సగం గ్యాస్, సగం ద్రవం ఉన్నాయనుకోండి. గ్యాస్ సెకనుకు 6 మీటర్లు, ద్రవం 2 మీటర్లు కదులుతున్నాయి. అప్పుడు మొత్తం ప్రవాహంలో గ్యాస్ వాటా 6 భాగించు 8, అంటే 75 శాతం. ఫొటో తీస్తే సగమే, ప్రవాహంలో మాత్రం ముప్పావు. అందుకే పైపులో ఏముందో చూస్తే చాలదు, ఏది ఎంత వేగంగా పోతోందో కూడా తెలియాలి.

పాత పద్ధతి: విడదీసి కొలువు

దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి టెస్ట్ సెపరేటర్. అదో పెద్ద ట్యాంకు. బావి నుంచి వచ్చేదాన్ని అందులోకి పంపి కాసేపు నిలబెడితే గ్యాస్ పైకి, నీరు కిందికి, చమురు మధ్యకు చేరతాయి. ఒక్కోదాన్ని ఒక్కో మామూలు మీటరుతో కొలుస్తారు. నమ్మకమైన పద్ధతే.

ఇబ్బంది ఎక్కడంటే, పది బావులకు ఒకే సెపరేటర్ ఉంటుంది. ఒక్కో బావిని వంతులవారీగా కొన్ని గంటలు పరీక్షిస్తారు. మళ్లీ ఆ బావి వంతు వచ్చేదాకా పాత అంకెనే వాడుకోవాలి. ఈలోగా బావిలోకి నీరు చొరబడితే ఆలస్యంగా తెలుస్తుంది. సముద్రం మీద ప్లాట్‌ఫామ్‌లో టన్నుల బరువుండే ట్యాంకుకు చోటు దొరకడమే ఖరీదైన వ్యవహారం. ఇక సముద్రం అడుగున ఉన్న బావులకు ఒక్కోదానికి సెపరేటర్ పెట్టడం జరిగే పని కాదు.

కొత్త పద్ధతి: విడదీయకుండానే

1980ల్లో జోరందుకున్న పరిశోధనలు 1990ల మొదట్లో మార్కెట్లోకి వచ్చే మీటర్లుగా మారాయి. నార్త్ సీ కంపెనీలు ముందు నడిచాయి. ఈ మీటరు పైపులోనే ఓ చిన్న ముక్కలా కూర్చుంటుంది. దేన్నీ విడదీయదు. 24 గంటలూ అంకెలు చెబుతూనే ఉంటుంది.

ఎలా? ముందు తెలియనివి ఎన్నో లెక్కేద్దాం. చమురు, గ్యాస్, నీరు ఒక్కోటీ ఎంత భాగం, ఒక్కోదాని వేగం ఎంత. మొత్తం ఆరు. మూడు భాగాలు కలిపితే ఎప్పుడూ 1 కాబట్టి ఒకటి తగ్గింది. చమురు, నీరు దాదాపు ఒకే వేగంతో వెళ్తాయని అనుకుంటే ఇంకోటి తగ్గింది. మిగిలినవి నాలుగు. అంటే నాలుగు వేర్వేరు సమాచారాలు కావాలి.

ఒకటి, వెంచురీ. పైపును మధ్యలో సన్నబరుస్తారు. అక్కడ వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తేడా చూసి ప్రవాహాన్ని లెక్కగడతారు. ఇంటర్‌లో చదివిన బెర్నౌలీ సూత్రమే.

రెండు, గామా కిరణాలు. పైపుకు ఒక పక్క సీజియం-137 లేదా బేరియం-133 లాంటి చిన్న రేడియోధార్మిక మూలకం, ఎదురుగా డిటెక్టర్. ద్రవం కిరణాలను ఎక్కువగా పీల్చుకుంటుంది, గ్యాస్ తక్కువగా. అవతలికి ఎంత చేరిందో చూసి మిశ్రమం సాంద్రత చెప్పొచ్చు.

మూడు, విద్యుత్ గుణం. డైఎలక్ట్రిక్ స్థిరాంకం గ్యాస్‌కు 1, చమురుకు సుమారు 2, నీటికి సుమారు 80. ఇంత తేడా ఉంది కాబట్టి నీటి భాగాన్ని పట్టుకోవచ్చు. చమురులో నీటి చుక్కలుంటే కెపాసిటెన్స్ కొలుస్తారు. నీరే ఎక్కువై అందులో చమురు చుక్కలుంటే విద్యుత్ వాహకత కొలవాల్సిందే. కొన్ని కంపెనీలు దీని బదులు రెండు వేర్వేరు శక్తుల గామా కిరణాలతో నీటిని, చమురును వేరుచేస్తాయి.

నాలుగు, క్రాస్ కోరిలేషన్. ఒకదాని వెనక ఒకటి రెండు సెన్సర్లు పెడతారు. మొదటిదాని దగ్గర కనిపించిన సిగ్నల్ ఆకారమే రెండోదాని దగ్గర కాసేపటికి కనిపిస్తుంది. సెన్సర్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, పట్టిన సమయం 0.05 సెకను అయితే వేగం సెకనుకు 4 మీటర్లు. అంతే! ఇక్కడి నుంచి రెండో వేగాన్ని స్లిప్ మోడల్ అనే గణిత నమూనాతో రాబడతారు.

ఈ నాలుగూ కలిపి, పీడనం, ఉష్ణోగ్రత, చమురు గుణాలు జోడిస్తే సాఫ్ట్‌వేర్ మూడు ప్రవాహాలనూ లెక్కగట్టి ఇస్తుంది. కొలతలో సగం హార్డ్‌వేర్, సగం మోడల్ అన్నమాట. మోడల్‌కు ఇచ్చిన సమాచారం తప్పైతే అంకె కూడా తప్పే. బావిలోకి వచ్చే నీటి ఉప్పదనం మారినా మీటరుకు ఆ సంగతి చెప్పకపోతే నీటి లెక్క పక్కకు జరిగిపోతుంది.

2 శాతం తేడా, 20 శాతం నష్టం

చమురు అమ్మే చోట ఉండే ఫిస్కల్ మీటరులో 0.25 శాతం తేడా కూడా చర్చకు వస్తుంది. మల్టీఫేజ్ మీటరులో 5 నుంచి 10 శాతం తేడాను మామూలుగా ఒప్పుకుంటారు. అందుకే ఇప్పటికీ అమ్మకానికి కాకుండా, ఎక్కువగా బావుల పర్యవేక్షణకు, అలొకేషన్‌కు వాడతారు.

ఈ తేడా ఎంత ప్రమాదమో చూడండి. ఒక బావి రోజుకు 1,000 బ్యారెళ్ల ద్రవం ఇస్తోంది. వాటర్ కట్ 90 శాతం. అంటే చమురు 100 బ్యారెళ్లు. ఇప్పుడు మీటరు వాటర్ కట్‌ను కేవలం 2 పాయింట్లు తప్పు చూపిందనుకుందాం. 88 చూపిస్తే చమురు 120 బ్యారెళ్లు, 92 చూపిస్తే 80 బ్యారెళ్లు. నీటి లెక్కలో 2 పాయింట్ల తేడా చమురు లెక్కలో 20 శాతం అయ్యింది! బావి పాతబడేకొద్దీ ఈ సమస్య పెరుగుతుంది. ఇంటర్వ్యూలో ఈ లెక్క అరనిమిషంలో చేసి చూపిస్తే మీకు విషయం తెలుసని ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది.

తడి గ్యాస్: డబ్బే కాదు, ప్రాణాలు

2014 జూన్ 27 తెల్లవారుజాము. కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. పొడి గ్యాస్ కోసం ఉద్దేశించిన లైన్లో నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్ వెళ్లడం, దాంతో పైపు లోపల తుప్పు పట్టడం విచారణలో బయటపడ్డాయి.

ఆ ఘటనకు మీటరు కారణమని అనడం లేదు. గ్యాస్‌ను ఆరబెట్టే ఏర్పాటు, పైపు తనిఖీ, ఇలా చాలా విషయాలున్నాయి. కానీ ‘గ్యాస్‌తో పాటు ద్రవం ఎంత వెళ్తోంది’ అన్న ప్రశ్న ఊరి మధ్యలోంచి పైపు వెళ్తున్నప్పుడు ఎంత బరువైనదో మనకు నగరం చెప్పింది.

సాంకేతికంగా కూడా తడి గ్యాస్ మోసం చేస్తుంది. గ్యాస్ కోసం పెట్టిన వెంచురీలోంచి కాస్త ద్రవం కూడా వెళ్తే పీడన తేడా పెరుగుతుంది. మీటరు దాన్ని ఎక్కువ గ్యాస్‌గా చదువుతుంది. దీన్ని ఓవర్ రీడింగ్ అంటారు. అసలు గ్యాస్ తగ్గుతున్నా అంకె బాగానే కనిపించే అవకాశం ఉందన్నమాట. దీన్ని సరిచేయడానికి మర్డాక్, చిష్‌హోమ్, డి లూ లాంటి వాళ్ల పేర్లతో సూత్రాలున్నాయి. అయితే ద్రవం ఎంతో ముందు తెలిస్తేనే ఆ సూత్రాలు పనిచేస్తాయి. ప్రవాహంలో 95 శాతం కంటే ఎక్కువ గ్యాస్ ఉన్న సందర్భాలకు వెట్ గ్యాస్ మీటర్లు ప్రత్యేకంగా తయారవుతున్నది ఇందుకే.

ఎవరికి అవకాశం?

పెట్రోలియం ఇంజినీరింగ్ చదివినవాళ్లకే అనుకోవద్దు. వెంచురీ, ప్రవాహం మెకానికల్, కెమికల్ వాళ్ల సబ్జెక్టు. సెన్సర్లు, సిగ్నల్ ప్రాసెసింగ్ ఇన్‌స్ట్రుమెంటేషన్, ఈసీఈ వాళ్లవి. గామా కిరణాలు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లకు సొంతిల్లు. డేటా విశ్లేషణ సీఎస్ఈ వాళ్లూ చేయొచ్చు, కాకపోతే ఫ్లూయిడ్ మెకానిక్స్ నేర్చుకోక తప్పదు.

చదువు విషయానికొస్తే, విశాఖలో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ ఐఐపీఈ 2016లో మొదలైంది. దాని శాశ్వత క్యాంపస్‌కు స్థలం ఇచ్చింది మన సబ్బవరం మండలం వంగలిలోనే. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. ప్రవాహ మీటర్ల పరీక్షకు, క్యాలిబ్రేషన్‌కు కేరళ పాలక్కాడ్‌లోని ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పేరున్న సంస్థ.

ఉద్యోగాలు నాలుగు చోట్ల. ఓఎన్‌జీసీ, రిలయన్స్, వేదాంత లాంటి ఉత్పత్తి సంస్థలు మొదటివి. బావి పరీక్షలు చేసే సర్వీస్ కంపెనీలు రెండోవి. మీటర్లు తయారుచేసే, క్యాలిబ్రేట్ చేసే సంస్థలు మూడోవి. డిజైన్ చేసే ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు నాలుగోవి. ఓఎన్‌జీసీ నియామక పద్ధతి నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది కాబట్టి గేట్ స్కోరా, కంప్యూటర్ పరీక్షా అన్నది ప్రతిసారీ చదివి చూసుకోండి. అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీదా కన్నేసి ఉంచండి. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు లోపలికి అడుగుపెట్టే దారి అది.

రేడియోధార్మిక మూలకం వాడే గేజ్‌లకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ అవసరం. సైన్స్ డిగ్రీ వాళ్లు ఈ దారి గురించి కూడా ఆరా తీయొచ్చు.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే

ఇందులో సాఫ్ట్‌వేర్‌లా వేల ఉద్యోగాలు లేవు. చమురు ధర పడితే సర్వీస్ కంపెనీలు ముందు కొత్తవాళ్లనే తగ్గిస్తాయి. సముద్రం మీద వారాల తరబడి ఉండాలి, ఇంట్లో పెళ్లైనా పండగైనా షిఫ్టు షిఫ్టే. ఇవి తెలిసే రావాలి.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, ఈ విద్య చమురు దగ్గరే ఆగిపోదు. బైలదిల్లా ఇనుప ఖనిజం పొడి నీళ్లతో కలిసి కిరండూల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల పైపులో వస్తుంది. అదీ మిశ్రమ ప్రవాహమే, కాకపోతే ఘనం, ద్రవం. ఇలాంటి స్లర్రీ లైన్లలో మామూలుగా మ్యాగ్నెటిక్ ఫ్లో మీటర్, సాంద్రత గేజ్ కలిపి వాడతారు. పరవాడ ఫార్మా సిటీలో రియాక్టర్లు, సింహాద్రి థర్మల్ కేంద్రంలో ఆవిరి, విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ... ప్రవాహం కొలవని పరిశ్రమ లేదు. అనకాపల్లి, విశాఖ జిల్లాల పిల్లలకు ఇవన్నీ బస్సు దూరంలో ఉన్నవే.

ఇప్పటి నుంచే ఏం చేయాలి?

ముందు ఫ్లూయిడ్ మెకానిక్స్ గట్టిగా చదవండి. బెర్నౌలీ, కంటిన్యుటీ, రేనాల్డ్స్ సంఖ్య పుస్తకం చూడకుండా వివరించగలగాలి. తర్వాత ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ అధ్యాపకుల మల్టీఫేజ్ ఫ్లో పాఠాలు ఉచితంగా చూడొచ్చు. నార్వే ఫ్లో మెజర్‌మెంట్ సంఘం ప్రచురించిన మల్టీఫేజ్ హ్యాండ్‌బుక్ కూడా ఉచితంగానే దొరుకుతుంది. భాష తేలిక, బొమ్మలు ఎక్కువ.

ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం కొనుక్కొచ్చిన కిట్ పెట్టకండి. ఓ పారదర్శక గొట్టం, అక్వేరియం నీటి పంపు, గాలి పంపు, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, ఒక ఆర్డుయినో తీసుకోండి. గొట్టంలో బుడగలు పంపి, రెండు సెన్సర్ల సిగ్నళ్లను పైథాన్‌లో క్రాస్ కోరిలేట్ చేసి బుడగల వేగం కనిపెట్టండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి మీ జవాబుతో పోల్చండి. రెండు అంకెలూ సరిపోకపోతే ఎందుకు సరిపోలేదో రాయండి. ఇంటర్వ్యూ బోర్డు అడిగేది ఆ పేజీ గురించే.

ఒక ప్రశ్న మీకు వదిలేస్తున్నాను. ‘ప్రవాహంలో గ్యాస్ వాటా 50 శాతం అంటే, పైపులో సగం చోటు గ్యాస్‌దేనా?’ పైన స్లిప్ గురించి చదివిన చోటికి వెళ్లండి. ముందు గ్యాస్, ద్రవం ఒకే వేగంతో ఉన్నాయనుకుని, తర్వాత గ్యాస్ మూడు రెట్లు వేగంగా ఉందనుకుని లెక్క చేయండి. మొదటిసారి సగం, రెండోసారి పావు రావాలి. వచ్చిందంటే ఈ సబ్జెక్టులో మొదటి మెట్టు ఎక్కేసినట్టే.